కొనే చెయ్యి, పట్టుకునే చెయ్యి

పోయిన రంజాన్‌కి ముందు జిద్దాలో ఉండే మా తమ్ముడు అమ్మీకి కొత్త ఫోన్ పంపాడు. పలకంత స్క్రీన్. "పెద్దగా ఉంటే అమ్మీ నజర్‌కి ఆరామ్‌గా ఉంటుంది భాయ్" అన్నాడు. మేమంతా ఖుష్. మొహల్లాలో నలుగురికీ చూపించాం కూడా.

రెండు నెలలు పోయాక గమనించాను. అమ్మీ తనంతట తాను ఎవరికీ ఫోన్ చెయ్యడం లేదు. వస్తే ఎత్తుతోంది, అంతే. షౌక్ పోయిందేమో అనుకున్నాం. ఒకరోజు మా చెల్లెలు తుడుద్దామని కవర్ తీస్తే వెనక అద్దం పగిలి ఉంది. అడిగితే అమ్మీ తల వంచుకుంది. "చేతిలో నిలవదు బేటా. బొటనవేలు పైదాకా అందదు. ఇంత మహంగా చీజ్ పంపిన పిల్లాడికి ఎట్లా చెప్పేది?" అంది. డెబ్బై దాటిన మనిషి, మాకు భయపడి దాచింది. నాకు చాలా శరంగా అనిపించింది.

అసల్ బాత్ ఏమిటంటే, మన ఇళ్లల్లో ఫోన్ కొనే చెయ్యి వేరు, పట్టుకునే చెయ్యి వేరు. మగవాళ్లం మన అరచేతికి సరిపోయేది కొంటాం. రెండేళ్లు వాడి బేగంకి ఇస్తాం. తర్వాత అది అమ్మీకి పోతుంది. వాళ్ల చేతికి సరిపోతుందా అని అడిగేవాళ్లు లేరు.

దుకాణంలో చెప్పే ఇంచుల మీద కూడా మనకు గలత్‌ఫహ్మీ ఉంది. అది వెడల్పు కాదు, మూల నుంచి మూలకు కొలత. పాత 16:9 పాళ్ల 5.5 ఇంచుల స్క్రీన్ వెడల్పు దాదాపు 68 మిల్లీమీటర్లు. ఇప్పటి 20:9 పాళ్ల 6.5 ఇంచుల స్క్రీన్ వెడల్పూ దాదాపు అంతే! పెరిగింది పొడవు. లైనులో అక్షరాలకు చోటు పెరగలేదు, బొటనవేలికి దూరం మాత్రం పెరిగింది.

బరువు కూడా చూడాలి. గెలాక్సీ ఎస్23 స్క్రీన్ 6.1 ఇంచులు, ఫోన్ వెడల్పు 70.9 మిల్లీమీటర్లు, బరువు 168 గ్రాములు. దాని పెద్దన్న ఎస్23 అల్ట్రా 6.8 ఇంచులు, 78.1 మిల్లీమీటర్లు, 234 గ్రాములు. కీళ్ల దర్ద్ ఉన్న చేతికి ఆ ఫరక్ బాగా తెలుస్తుంది.

"మరి కళ్లకో?" అంటారు. ఉర్దూ నస్తాలీఖ్ ఏటవాలుగా దిగుతుంది, తెలుగు వత్తులు కిందికి వేలాడతాయి. రెండూ చిన్న అక్షరాల్లో నలిగిపోతాయి, నిజమే. కానీ దానికి మొదటి ఇలాజ్ సెట్టింగ్స్‌లోనే ఉంది. డిస్‌ప్లేలోకి పోయి ఫాంట్ సైజ్ పెంచండి.

పెద్ద స్క్రీన్ బేకార్ అనను. నేను చదివే ఉర్దూ ఈ-పేపర్‌లో పేజీ మొత్తం బొమ్మలా వస్తుంది, ఫాంట్ పెంచినా అక్షరం పెరగదు. అక్కడ పెద్దదే బెహతర్. పిల్లల వీడియో పాఠాలకూ అంతే, కాకపోతే బల్లమీద పెట్టుకునే ట్యాబ్ ఇంకా మేలు.

అందుకే నా మషవరా ఒకటే. వాడబోయే మనిషినే దుకాణానికి తీసుకుపోండి. కళ్లజోడు మరిచిపోవద్దు. ముందు ఫాంట్ పెంచి చూపించండి. కవర్ వేసి ఒక్క చేత్తో పట్టుకోమనండి. బొటనవేలు పై మూలకు అందుతుందా? ఐదు నిమిషాలు చెవి దగ్గర పెట్టుకుంటే చెయ్యి గుంజుతుందా? జవాబు ఆ చెయ్యే చెబుతుంది.

అమ్మీ తనకు కావలసింది తనే ఎంచుకుంది, 6.1 ఇంచులది. ఇప్పుడు రోజూ అసర్ తర్వాత ఖాలాకి తనే ఫోన్ చేస్తోంది. తమ్ముడికి సంగతి నేనే చెప్పాను. కాసేపు చుప్‌గా ఉండి, "ముందే అడగాల్సింది భాయ్" అన్నాడు.

మీరూ ఈ వారం ఇంట్లో అడిగి చూడండి. ఫోన్ బాగుందా అని కాదు, బాగుందనే అంటారు. చేతికి తక్లీఫ్‌గా ఉందా అని అడగండి.