ల్యాబులో ఉన్న జాగ్రత్త చేలో ఎందుకు లేదు?

మా వినగడపలో ఇంటర్ చదివే పిల్లాడొకడు మిర్చి చేను గట్టున కూర్చుని వాళ్ల కాలేజీ ముచ్చట్లు చెప్పాడు. కెమిస్ట్రీ ల్యాబులో ఆసిడ్‌లో నీళ్లు పోయకూడదు, నీళ్లలోకే ఆసిడ్ కొద్దికొద్దిగా పోయాలి, పిపెట్‌ను నోటితో పీల్చకూడదు, లోపల ఏమీ తినకూడదు అని సారు మొదటిరోజే చెప్పారట. వాడు ఆ మాటలు చెబుతుంటే ఎదురుగా వాళ్ల నాన్న మోచేతి దాకా చెయ్యి పెట్టి డ్రమ్ములో పురుగుమందు కలుపుతున్నాడు. మేమూ పక్కనే ఉన్నాం. ఒక్కరం వద్దనలేదు.

ల్యాబులో పిల్లలు తాకేది చెంచాడు. మనం వీపున మోసేది ట్యాంకుడు. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చిన దగ్గర్నుంచి రెండు మూడు మందులు కలిపి, రోజులు లెక్కపెట్టకుండా కొట్టాం. అయినా పంట దక్కలేదు. మామిడి తోటల్లో ఇంకా ఘోరం. తేనెమంచు పురుగుకి పైకి ఎగజిమ్మిన మందంతా తిరిగి కొట్టేవాడి నెత్తిమీదే పడుతుంది. మూతికి కట్టుకున్న తువ్వాలు తడిసి, ఆ విషాన్ని ముక్కు దగ్గరే పట్టి ఉంచుతుంది. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ బట్టలు ఉతికేది ఇంట్లో ఆడవాళ్లు, అదీ ఉత్త చేతులతో. దీన్ని 'మందు' అని పిలవడం మొదలుపెట్టిందెవరో గానీ, మనకు భయం పోయింది ఆ పేరుతోనే అనిపిస్తుంది.

ఆమధ్య మా దగ్గర మందు కొట్టే కూలీ ఒకాయన మధ్యాహ్నానికి చొంగ కారుస్తూ, ఒళ్లంతా చెమటతో గట్టుమీద పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఏం మందు అని. ఎవరికీ తెలియదు. డబ్బా చేలోనే వదిలేశాం. మనిషి బతికాడు, కానీ డబ్బా కోసం బండి వెనక్కి పంపి ఎదురుచూసిన ఆ సమయం మేం మరిచిపోలేదు. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులకు అట్రోపిన్ అనే విరుగుడుంది. పారాక్వాట్ గడ్డిమందుకు విరుగుడే లేదు. ఏం మందో తెలియకపోతే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? అందుకే మనిషితోపాటు డబ్బా కూడా బండెక్కాలి. తడిసిన బట్టలు వెంటనే విప్పించి సబ్బుతో ఒళ్లు కడగాలి.

తొడుగులు వేసుకోమంటే ఈ ఎండలో ఎలా అంటారు. నిజమే, నిలువెల్లా రబ్బరు కోటు మన వాతావరణానికి కుదరదు. కానీ అన్నిటికంటే ప్రమాదం నీళ్లు కలపని చిక్కటి మందు చేతికి అంటినప్పుడే. కలిపే ఆ పది నిమిషాలైనా రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి, తిప్పడానికి కర్ర వాడాలి. కొట్టేటప్పుడు నిండుచేతుల చొక్కా, గాలివాటం చూసుకోవడం, ఎండెక్కకముందే ముగించడం. ఇవి మనం చేయగలిగినవే.

అయితే తప్పంతా రైతు మీదికి నెట్టేసే అధికారుల మాట మేం ఒప్పుకోం. 2017లో మహారాష్ట్ర యవత్మాళ్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడూ రైతులకు జాగ్రత్త లేదనే అన్నారు. భోపాల్‌లో 1984లో వేలమందిని చంపిన గ్యాసు కూడా పురుగుమందు తయారీకి వాడేదే. ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తాము వాడే రసాయనం ప్రమాదమేమిటో తెలుసుకునే హక్కు కార్మికుడికి ఇచ్చారు. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనూ పిచికారీ చేసేవారికి తగిన రక్షణ దుస్తులుండాలని రాసే ఉంది. ఎవరివ్వాలి, ఎవరు చూడాలి అంటే మాత్రం చేలో జవాబుదారీ ఎవడూ లేడు. డబ్బాతో ఇచ్చే కాగితంలో తెలుగు ఉంటుంది, భూతద్దం పెట్టి చదవాలి. ఎరుపు త్రికోణం అతి విషమనీ, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అనీ చెప్పే డీలరు ఎక్కడున్నాడు? కౌలు రైతైతే అప్పుకు ఏది ఇస్తే అదే తెచ్చుకుంటాడు, బిల్లు కూడా అడగలేడు.

మందు అమ్మే కంపెనీయే తొడుగులు, మాస్కు డబ్బాతోపాటు ఇవ్వాలి. రైతు సేవా కేంద్రాల్లో ఈ సామగ్రి సబ్సిడీపై దొరకాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్ నిల్వ ఉండాలి. మందు కొడుతూ చనిపోయిన కూలీకి, కౌలు రైతుకి పరిహారం ఇవ్వాలి. మామిడి పూత మందులు మొదలయ్యేలోగా మన గ్రామ కమిటీలు ఈ నాలుగూ రాసి, సంతకాలు చేయించి తహసీల్దారు ఆఫీసులో ఇవ్వాలి. కూలికి మందు కొట్టేవాళ్ల సంతకాలు ముందు పెట్టించండి.