మోతి నేర్పిన పాఠము

“మొక్కై వంగనిది మానై వంగునా?” అనునది మనవారు తరచుగా చెప్పు సామెత. చిన్ననాటనే మంచి అలవాట్లు నేర్వవలెనని పిల్లలను హెచ్చరించుటకు ఈ మాట మిక్కిలి తగినది. కాని పెరిగిన ప్రాణి యేదియు ఇక నేర్వజాలదని తీర్పు చెప్పుటకు దీనిని వాడినచో అన్యాయము జరుగును. తోటమాలి నడిగి చూడుడు. కాపు తగ్గిన ముదురు మామిడిచెట్టు కొమ్మలను నరికి, పుట్టిన క్రొత్త చిగుళ్లకు మేలుజాతి అంటు కట్టి, మరల కాయించు పద్ధతి యొకటి కలదని అతడు చెప్పును. అయితే ఆ పనికి చెట్టు స్వభావము తెలిసియుండవలెను, ఓపికయు ఉండవలెను. పెరిగిన ప్రాణులకు నేర్పుటయు ఇట్టిదే. ఈ సంగతిని నాకు బోధించినది ఏ పండితుడును గాడు. అయిదేండ్ల వయస్సున మా యింటికి వచ్చిన ఒక కుక్క.

దాని యజమానికి దూరప్రాంతమునకు బదిలీ యైనది. అచ్చట కుక్కను ఉంచుకొనుటకు వీలులేక, ఆయన దానిని ఎవరికైన నీయదలచెను. మిత్రుడొకడు ఈ సంగతి చెప్పగా, మా అమ్మాయి పట్టుపట్టుటచే నేను సరే యంటిని. ఒక సాయంకాలము ఆ మిత్రుడు దానిని మా గుమ్మమున విడిచి వెళ్లెను. గోధుమవన్నె ఒడలు, నిక్కిన చెవులు; ఒక చెవి కొన చీలియున్నది. దాని పేరేమి, అలవాట్లేమి, అది దేనికి బెదరును అని అడుగవలెనన్న తలంపు మాకు కలుగనేలేదు. కుక్కయే కదా యనుకొంటిమి. “భైరవుడు” అని క్రొత్త పేరు పెట్టితిమి.

ఆ సాయంకాలమే వీధిలోని పిల్లలందరును దానిని చూడవచ్చిరి. ఒకడు తల నిమిరెను. ఒకతె తోక పట్టుకొనెను. ఇంకొకడు బిస్కత్తును మూతికి తాకించెను. అందరిదియు ప్రేమయే. కాని ఇల్లును, మనుష్యులును, వాసనలును క్రొత్తవైన ఆ జంతువునకు ఆ ప్రేమ ముట్టడివలె తోచియుండవలెను. అది మంచము క్రిందికి దూరి, మరునాటి ఉదయము వరకు వెలుపలికి రాలేదు. పెట్టిన అన్నము ముట్టలేదు. మనుష్యుని ముక్కున వాసన పట్టు కణములు సుమారు 50, 60 లక్షలుండగా, కుక్క ముక్కున జాతిని బట్టి 10 కోట్లు మొదలు 30 కోట్ల వరకు ఉండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. క్రొత్త ఇంటిని మనము కన్నులతో చూచుకొందుము. కుక్క ముక్కుతో చూచుకొనును. అందుకు దానికి తీరిక కావలెను. మేము ఆ తీరిక నీయలేదు.

నాలుగవ దినమున అది నడుమ గదిలో మూత్రము పోసెను. నేను కోపముతో బెత్తము తీసి రెండు దెబ్బలు కొట్టితిని. దానితో బుద్ధి వచ్చునని తలచితిని. నాటినుండి అది మా యెదుట ఆ పని మానెను. కాని బియ్యపు బస్తాల వెనుక, ఎవరును చూడని మూలను చేయసాగెను. నా దెబ్బలు దానికి శుచిని నేర్పలేదు. నా కంట బడరాదని మాత్రమే నేర్పినవి. బయటికి ఎప్పుడు పోవలెనో, ఎచ్చటికి పోవలెనో మేమెవరమును దానికి చూపియుండలేదు. చెప్పని పాఠమును అప్పగింపుమని శిష్యుని దండించిన గురువు వంటివాడనైతిని.

ఈ సందర్భమున మహాభారతములోని ఒక కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆదిపర్వమున సరమ యను దేవతల కుక్క కలదు. దాని కుమారుడు ఆడుకొనుచు జనమేజయుడు యాగము చేయుచున్న చోటికి పోగా, ఏ తప్పును చేయకున్నను రాజు తమ్ములు దానిని కొట్టిరి. సరమ రాజు నెదుటికి వచ్చి, తన బిడ్డ చేసిన తప్పేమని ప్రశ్నించెను. తప్పెరుగని దీనులకు కీడు చేయువారికి అనుకొనని భయములు కలుగునని హెచ్చరించి వెడలిపోయెను. కుక్కకు సారమేయమను పేరు ఈ సరమనుబట్టియే వచ్చినది. నన్నయ మహాకవి కాలము నుండి తెలుగువారు చదువుకొనుచున్న ఈ కథ ఆనాడు నాకు గుర్తునకు రాలేదు. వచ్చియున్నచో బెత్తము ముట్టకుండ నుందునేమో.

ఇంతలో వేరొక చిక్కు వచ్చిపడెను. మా నాయనగారు ఎండ గాని వాన గాని గొడుగు లేనిదే గడప దాటరు. ఆయన గొడుగు చేతబట్టినంతనే కుక్క బిగిసిపోయి, పెదవి పైకెత్తి గుర్రుమనెను. ఒక దినమున ఆయన దానిని అదలించుటకు గొడుగు నెత్తగా, అది పంచె కొంగు పట్టి లాగెను. గాయము కాలేదు, కాని ఇల్లెల్ల భయపడెను. “ముదిరిన కుక్కకు మనమేమి నేర్పగలము? మొక్కై వంగనిది మానై వంగునా? ఎవరికైన ఇచ్చివేయుము” అని నాయనగారనిరి. నాకును అదియే నిజమని తోచెను. మా అమ్మాయి మాత్రము రెండు దినములు ఎవరితోను మాటాడలేదు.

ఆ వారముననే దుప్పట్లు అమ్ముకొను ఉత్తరదేశపు వర్తకుడొకడు మా అరుగుపై మూట దించెను. కుక్క మొరుగుచు ముందునకు ఉరికెను. అతడు పరుగెత్తలేదు, చేయి యెత్తలేదు. పక్కకు తిరిగి నిలిచి, మెల్లగా “బైఠ్” అనెను. కుక్క తటాలున కూర్చుండెను! “ఆవో” యనెను, అది లేచి దగ్గరకు పోయి, అతని చేతిని వాసన చూచెను. మేము నివ్వెరపోయితిమి. రెండు వారములుగా “కూర్చో”, “రా” యని మేము గొంతు చించుకొనుచుండగా కదలని కుక్క అది. దానికి చదువు రాదని మేమనుకొంటిమి. దాని చదువు హిందీలో సాగినదని మాకు తెలియదు.

ఆ రాత్రియే పాత యజమానికి టెలిఫోను చేసితిని. తొలినాడే అడుగవలసిన ప్రశ్నలను అప్పుడడిగితిని. కుక్క పేరు మోతి. వారింట పెరడు కలదు. ఉదయమును, సాయంకాలమును అచ్చటి మట్టిలోనికి పోవుట దాని అలవాటు. ఏడాది వయస్సున వీధినుండి వారింటికి వచ్చినదట. కర్ర యన్నను, కర్రను పోలినదన్నను అప్పటికే దానికి భయమట. ఆ భయమునకు కారణమేమో వారికిని తెలియదు. నేను ఫోను పెట్టివేసి, “మోతీ” యని పిలిచితిని. మంచము క్రిందినుండి తల యొకటి వెలుపలికి వచ్చెను. మా యింట అది తోక యాడించుట అదియే మొదటిసారి.

నాటినుండి మా పద్ధతిని మార్చుకొంటిమి. దానికి వరండాలో ఒక మూల పరుపు వేసి, అది అచ్చట నున్నప్పుడు ఎవరును తాకరాదని నియమము పెట్టితిమి. ఉదయము లేవగనే, తిండి తినగనే, పరుండుటకు ముందు దానిని ఇంటి వెనుకనున్న మట్టినేలకు తీసికొనిపోయితిమి. అది తన పని ముగించినంతనే మెచ్చుకొని, చిన్న రొట్టెముక్క నిచ్చితిమి. బహుమానము ఆలస్యమైనచో దేనికి వచ్చినదో కుక్కకు తెలియదు. మూడు వారములలో బియ్యపు బస్తాల వెనుక పొడిగానుండెను. పిదప “బైఠ్” అనుటకు ముందు “కూర్చో” యని చెప్పుచు రాగా, తెలుగు మాటయు నేర్చెను. అయిదు నిమిషముల పాఠము, ఇంటివారందరికిని ఒకే మాట, దగ్గరకు పిలిచి ఎన్నడును తిట్టకుండుట. మేము పాటించిన శాస్త్రమంతయు ఇంతే.

గొడుగు విషయమున మాకు పావ్లోవు తోడ్పడెను. ఇవాన్ పావ్లోవు రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు; జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు 1904లో నోబెలు బహుమానము పొందినవాడు. తిండికి ముందు ఒక శబ్దమును పలుమారు వినిపించినచో, పిమ్మట ఆ శబ్దము వినినంతనే కుక్క నోట లాలాజలమూరునని ఆయన కనుగొనెను. ఒకదానివెంట ఒకటి వచ్చు విషయములను కుక్క మనస్సు ముడివేసికొనును. మోతి మనస్సున కర్రకును బాధకును ముడి పడియున్నది; నా బెత్తము ఆ ముడిని మరింత బిగించినది. దానిని విప్పుటకు గొడుగును మడిచి వరండా చివర నేలపై నుంచి, దూరమున మోతికి అన్నము పెట్టితిమి. అది నిశ్చింతగా తినుటకు అలవాటుపడిన పిదపనే గిన్నెను జానెడు దగ్గరకు జరిపితిమి. దాని ఒడలు బిగిసిన దినమున మరల వెనుకకు జరిపితిమి. తుదకు నాయనగారే గొడుగు ప్రక్కన కూర్చుండి, తమ చేతితో దానికి పెట్టసాగిరి. రెండు నెలలు పట్టినది. శ్రావణమాసమున ఒక ఉదయము, ఆయన గొడుగు విప్పి వానలో నడచుచుండగా, మోతి ఆ గొడుగు నీడననే నడచి పాలకేంద్రము వరకు పోయి వచ్చెను.

భయమంతయు పోయినదని నేను చెప్పను. ఈనాటికిని క్రొత్తవాడెవడైన కర్రతో వచ్చినచో మోతి రెండడుగులు వెనుకకు వేయును. చీలిన చెవి అతుకనట్లే కొన్ని గురుతులు నిలిచిపోవును. వాటితోడనే దానిని అంగీకరించుట మా వంతు.

కనుక నా అభిప్రాయమిది. పెరిగిన కుక్క నేర్వదనుట పొరపాటు. నిజమునకు కూనకంటె పెరిగినదియే చాల ఇండ్లకు అనుకూలమైనది. దాని పరిమాణమును, స్వభావమును ముందుగనే చూడవచ్చును. కూనవలె గంటగంటకు బయటికి పరుగెత్తవలసిన పని లేదు. కుక్కలు సామాన్యముగా 10 నుండి 13 ఏండ్లు జీవించును. అయిదేండ్ల కుక్కకు ఇంకను సగము జీవితము మిగిలియున్నది. కాని తెచ్చుకొనువారు తొలుత తాము విద్యార్థులు కావలెను. అది ఎప్పుడు తల త్రిప్పుకొనును, ఎప్పుడు పెదవులు నాకుకొనును, తోక ఎప్పుడు కాళ్లనడుమ ముడుచును అని గమనింపవలెను. ఇవి దాని మాటలు. గుర్రుమనుట కూడ ఒక మాటయే. “దగ్గరకు రావద్దు” అని అది మర్యాదగా చేయు హెచ్చరిక. దానికై కొట్టినచో, హెచ్చరించుట మాని తటాలున కరచుట నేర్చును.

“మనుష్యులకే దిక్కులేని లోకమున కుక్కకు ఇంత శ్రమయా?” అని కొందరు అడుగుదురు. “వీథికుక్కలు పిల్లలను కరచుచుండగా ఈ కరుణ యేల?” అని మరికొందరందురు. ఈ భయము నిరాధారమైనది కాదు. అందువలననే కుక్కను ఎరిగి మెలగుట అందరికిని అవసరమైన విద్య యనుచున్నాను. తినుచున్న, నిద్రించుచున్న, పిల్లలున్న కుక్కను తాకరాదు. ఎరుగని కుక్కను పెద్దలు లేనప్పుడు సమీపింపరాదు. ఇంటికి తెచ్చిన కుక్కకు పశువైద్యునిచే రేబిస్ టీకా తప్పక వేయింపవలెను. కుక్క కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. రేబిస్ లక్షణములు కనబడిన పిదప బ్రదుకుట మిక్కిలి అరుదు. ఇక ఒక్కొక్క కుక్క స్వభావము ఒక్కొక్క ఇంటికి సరిపడకపోవుటయు కలదు. అట్టిచో దానికి తగిన వేరొక ఇంటిని వెదకుట తప్పుగాదు. వీధిలో విడిచిపెట్టుట తప్పు.

మన దేశమున 1960లోనే జంతువులపట్ల క్రూరత్వమును నివారించు చట్టము చేయబడినది. ప్రాణులయెడ దయ కలిగియుండుట పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా 1976లో రాజ్యాంగమున చేర్చబడినది. కాని నా చేతినుండి బెత్తమును విడిపించినది చట్టము గాదు. బస్తాల వెనుక దాగిన ఒక మూగజీవి భయము నాకు ఆలస్యముగా నైన అర్థమగుటయే.

విద్యార్థులారా! మీ తరగతికి నడుమ నెలలో వేరొక ఊరినుండి ఒక బాలుడు వచ్చి చేరవచ్చును. అతడు వెనుక బల్లపై మౌనముగా కూర్చుండును. అడిగినదానికి బదులు చెప్పడు. “వీడికేమియు రాదు” అని తీర్పు చెప్పుటకు ముందు అతని పేరును సరిగా అడిగి తెలిసికొనుడు. అతడు ఇంతవరకు ఏ భాషలో చదువుకొనెనో, దేనికి బెదరునో కనుగొనుడు. మేము మోతిని ఇది యడుగక రెండు వారములు పోగొట్టుకొంటిమి. ఇంచుక తప్పినచో దానినే పోగొట్టుకొని యుందుము.

నాయనగారు ఇప్పుడు ఆ సామెతను చెప్పుట మానలేదు. అలవాటు చొప్పున “మొక్కై వంగనిది” అని మొదలుపెట్టుదురు. అంతలో కాళ్లవద్ద పండుకొనిన మోతిని చూచి, మిగిలిన సగమును చెప్పక నవ్వి ఊరకుందురు.