గ్రాఫిక్స్ కార్డు ఎవరి పద్దులో రాయాలి?

మిక్సీ ఏది కొనాలి, గ్రైండర్ ఏది మంచిది అని అడిగే సోదరీమణులు ఈమధ్య కంప్యూటర్ సామాను గురించి కూడా రాస్తున్నారు. సంతోషమే! ఇంట్లో పచ్చళ్ళూ పొడులూ చేసి, ఆ వీడియోలు యూట్యూబులో పెట్టి ఆర్డర్లు తెచ్చుకుంటున్న ఒక సోదరి ఇలా అడుగుతున్నారు: "చీటీ పాడితే నలభై వేలు చేతికొచ్చాయి. గ్రాఫిక్స్ కార్డు లేనిదే వీడియో ఎడిటింగ్ సాగదని ఇంటర్ చదివే మా అబ్బాయీ, షాపతనూ అంటున్నారు. అదంతా ఆటల కోసమేనని మావారంటారు. ఎవరి మాట నమ్మను?"

ఇద్దరి మాటలోనూ సగం నిజం వుందమ్మా. ఏ సగం ఎవరిదో తేల్చుకుంటే డబ్బు వృథా కాదు.

ఆమె దగ్గరున్నది ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఈ ప్రాసెసర్‌లోనే చిన్నపాటి గ్రాఫిక్స్ వుంది. వీడియోని విప్పి చూపించడానికీ, చివర్లో ఫైలుగా తయారుచేయడానికీ 'క్విక్ సింక్' అనే ఏర్పాటు కూడా అందులోనే వుంది. (అదే నంబరు చివర 'ఎఫ్' అక్షరం వుంటే మాత్రం ఈ సదుపాయం వుండదు. అప్పుడు కార్డు తప్పదు.) ఫోన్‌తో తీసిన 1080పి వీడియోని కత్తిరించి, పేర్లు వేసి, పాట కలపడానికి ఇది చాలు. మరి కంప్యూటర్ ఎందుకు నత్తనడక నడుస్తోందంటారా? 8 జీబీ ర్యామ్ చాలక అయివుండవచ్చు.

పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. వీడియో తయారవుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి 'పెర్ఫార్మెన్స్' చూడండి. మెమరీ నూటికి తొంభై దాటి వుంటే ముందు ర్యామ్ 16 జీబీ చేయించండి. రెండు పలకలుగా వేయిస్తే మరీ మంచిది. డిస్కు నూటికి నూరు చూపిస్తూ, అది పాత హార్డ్ డిస్కే అయితే ఎస్ఎస్‌డీ పెట్టించండి. ఈ రెండూ సరిగ్గా వుండి కూడా పని సాగకపోతేనే కార్డు మాట ఎత్తండి.

కార్డు నిజంగా కావలసిన పనులు లేకపోలేదు. డావిన్సీ రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్లో రంగులు దిద్దడం, 4కె వీడియోకి ఎఫెక్టులు వేయడం లాంటివి కార్డు మీదే నడుస్తాయి. ఇక కొత్త ఆటల సంగతి చెప్పనక్కర్లేదు. అబ్బాయి సగం నిజం అదీ!

సరే, ఇద్దరికీ పనికొచ్చేలా ఒకటి కొందామనుకున్నారు. ఏమేం చూడాలి?

మొదటిది, కార్డు మీది మెమరీ. ఇది వంటగట్టు లాంటిది. ఇరుకైతే ఎంత చేయి తిరిగినావిడైనా తడబడుతుంది. ర్యామ్ లాగా తర్వాత పెంచుకునే వీలు లేదు. 1080పి మానిటర్ వున్నవాళ్ళు ఇప్పుడు కొంటే 8 జీబీకి తగ్గవద్దు. 12 జీబీ దొరికితే ఎడిటింగ్‌కి హాయి.

రెండోది, వీడియోని ఫైలుగా తయారుచేసే ఎన్‌కోడర్. కార్డన్న ప్రతిదానికీ ఇది వుంటుందనుకోకండి. 2022లో వచ్చిన రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి లేదు. ఎన్‌విడియా జీటీ 1030కీ లేదు. ఎడిటింగ్‌కని చెప్పి ఇవి అంటగడితే తీసుకోకండి.

మూడోది, పేరు చూసి మోసపోవద్దు. ఇంగువ డబ్బాల మీద పేరు ఒకటే అయినా లోపల పిండి పాళ్ళు వేరు కదూ! ఇదీ అంతే. ఆర్‌టీఎక్స్ 3060 అన్న పేరుతోనే 12 జీబీదీ వుంది, 8 జీబీదీ వుంది. రెండోది వేగంలోనూ తక్కువే. బిల్లు మీద జీబీతో సహా పూర్తి పేరు రాయించుకోండి.

నాలుగోది, కరెంటు. ఆర్‌టీఎక్స్ 4060 సుమారు 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060 సుమారు 145, ఇంటెల్ ఆర్క్ బి580 సుమారు 190 తీసుకుంటాయి. మొదటి రెండింటికీ 8 జీబీ, మూడోదానికి 12 జీబీ మెమరీ. పేరు లేని చవక పవర్ సప్లై మీద వీటిని పెట్టడం, బలం లేని ఉట్టికి నిండు కుండ వేలాడదీయడమే. మంచి కంపెనీది 550 వాట్లది వుందో లేదో చూసుకుని, లేకపోతే దాని ఖర్చూ కలుపుకోండి. పాత ఆఫీసు కంప్యూటర్ కొనుక్కున్నవాళ్ళకి ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం నయం. మెమరీ కాస్త తక్కువైనా, 70 వాట్లతో వేరే కరెంటు తీగ లేకుండానే నడుస్తుంది. బి580 మాత్రం పాత కంప్యూటర్లలో సరిగా పనిచేయదు. 12400 వున్న మన సోదరికి ఆ చిక్కు లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ఒక మాట. 2022 సెప్టెంబరు దాకా ఈథీరియమ్ అనే క్రిప్టో నాణెం కోసం కార్డుల్ని రాత్రింబవళ్ళు నడిపేవారు. ఆ పద్ధతి మారగానే చాలా కార్డులు బజారుకొచ్చాయి. అందుచేత పాత కార్డు కొంటే ఎదురుగా అరగంట ఆట నడిపించి చూడండి. ఫ్యాన్ చప్పుడు వినండి. పాత బిల్లూ, వారంటీ మిగులూ అడగండి.

కొత్తదైతే సికింద్రాబాద్ సీటీసీలో అయినా, మీ ఊళ్ళో అయినా రెండు మూడు షాపులు తిరగండి. ధరలు నెలనెలా మారుతుంటాయి. జీఎస్టీ బిల్లు అడగండి. పెట్టె మీది నంబరూ కార్డు మీది నంబరూ ఒకటేనా చూడండి. బయల్దేరే ముందు క్యాబినెట్ లోపలి పొడవు టేపుతో కొలుచుకోండి. ఇంటికొచ్చాక మానిటర్ తీగ కార్డుకే తగిలించాలి సుమండీ! పాతచోటే వుంచేసి "ఆట నడవడం లేదు" అని షాపుకి పరుగెత్తేవాళ్ళున్నారు.

ఇక డబ్బు సంగతి. ర్యామూ, ఎస్ఎస్‌డీ మీ వ్యాపారానికి పెట్టుబడి. చీటీ డబ్బులోంచి నిస్సంకోచంగా తీయండి. కార్డులో ఎక్కువ భాగం అబ్బాయి ఆటలకి. అది ఇంటి ఖర్చు కనుక మీవారి జేబులోంచి కూడా రావాలి. పరీక్షలయ్యాక కొందామని అబ్బాయికి చెప్పడం తప్పేమీ కాదు. ఆటలు ఆడుకోనివ్వండి, వయసు అలాంటిది. కానీ "అమ్మ పని కోసం" అన్న పేరు పెట్టి అమ్మ చీటీ డబ్బంతా ఒక్క కార్డుకి పోయనివ్వకండి. ఆ మిగిలిన డబ్బుతో మామిడికాయల కాలానికి నూనె, కారం, సీసాలు ముందుగానే కొనుక్కోవచ్చు కదా!