ఫ్యాన్లు ఇచ్చారు, పిల్లల్నో?

హోసూరులో మా బడి పాత విద్యార్థులు ముప్పై ఏళ్ల తర్వాత మొన్న కలిశారు. "ఒరేయ్, నువ్వేనా!" అంటూ కౌగిలించుకుని ఏడ్చారు. నాకూ కళ్లు చెమర్చాయి. (పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాను, అది వేరే సంగతి.) కానీ వాళ్లలో ఒక్కరి పిల్లలూ మా బడిలో లేరు! తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం వల్లే తెలుగు బడులు ఖాళీ అయ్యాయని మైకులో చెప్పారు. తమిళం మేమూ చదువుతున్నాం, ఏం మునిగిపోలేదు. మరి ఇంగ్లీషు మీడియం వ్యాను మీ వాకిటికి ఏ చట్టం పంపింది అన్నా? నాతో తొక్కుడుబిళ్ల ఆడిన నలుగురూ అయిదో తరగతి కాగానే ఆ వ్యానే ఎక్కారు. ఒకే వీధిలో ఉన్నా ఇప్పుడు ఆదివారం కూడా మాట్లాడుకోం, వాళ్లకు ట్యూషన్. పదో తరగతిలో మేం ఏడుగురమే. ముప్పై ఏళ్లయ్యాక మేం ఎవర్ని వెతుక్కోవాలి? ఫ్యాన్లు ఇచ్చారు, సంతోషం. జూన్‌లో మీ పిల్లల్ని కూడా తీసుకురండి.