మన వీధి ఎవరికి అడ్డదారి?

పెద్ద రోడ్డు మీద సిగ్నల్ తప్పించుకోవడానికి మీరు పక్క కాలనీలోకి బండి తిప్పుతారు. మీకు మిగిలేది రెండు నిమిషాలు. అదే సమయానికి ఆ వీధిలో పాల ప్యాకెట్ కోసం ఒక వృద్ధుడు, బంతి వెంట ఒక పిల్లవాడు బయటికి వస్తారు.

వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో బండి తగిలినవారిలో చాలామంది బతుకుతారు. 60 అయితే చాలాసార్లు మా చేతుల్లో ఏమీ మిగలదు. బతికిన వృద్ధులకు సైతం తుంటి ఎముక విరిగితే మంచమే లోకం. పాదచారులు, వాహనాలు కలిసి తిరిగే చోట 30 దాటరాదని 2020లో స్టాక్‌హోమ్ ప్రకటన ఊరికే చెప్పలేదు.

మరి మనం చేసేదేమిటి? రాత్రికి రాత్రి సిమెంటు గుట్ట పోస్తాం. గర్భిణులు, నడుము నొప్పి రోగులు, అంబులెన్సులు దానిమీద ఎగిరిపడాలి. (నా స్కూటరూ ఎగిరింది.) ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన హంపు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి అది బాధ కాదు.

అయినా హంపు ఉపశమనమే. అసలు చికిత్స అడ్డదారిని మూయడం. వీధికి ఒక కొసన స్తంభాలు నాటితే మనుషులు, సైకిళ్లు వెళ్తాయి, కార్లు ఆగుతాయి. అంబులెన్సు కోసం ఒక స్తంభానికి తాళం ఉంటే చాలు. ప్రజల భద్రత కోసం వాహనాలను నియంత్రించే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లోనే ఉంది.

ఈ అర్జీతో ఇల్లిల్లూ తిరిగాను. వేగం గురించి రోజూ వాపోయేవారే "మాకు చుట్టు తిరుగుడవుతుంది డాక్టరుగారూ" అని సంతకం పెట్టలేదు. ఆ చుట్టు ఎంతో కొలిచాను. నాలుగు వందల మీటర్లు.