తెగిన పోగుకు రేపు లేదు



సాంచా నడిపినోళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర లేదు. పడుగులో ఒక్క పోగు తెగితే సాంచా ఆపి అప్పుడే ముడి వెయ్యాలి. చూద్దాంలే అని వదిలేస్తే, ఎంత నేస్తే అంత దూరం గుడ్డలో గీత పడతది. మిల్లులో ఇంత జాగ్రత్తగా ఉన్న మనం రిటైరయినంక ఇంట్లో మాత్రం ‘ఉద్యా బఘూ’ అంటున్నం. సోలాపూర్‌లో ఉన్నందుకు ఈ మరాఠీ మాట మనకు మస్తుగ అబ్బింది.

ముందు తిండి సంగతి. ఎనిమిది గంటలు నిలబడి సాంచాల మధ్య తిరిగిన ఒంటికి నాలుగు జొన్నరొట్టెలు, పైన అన్నం కావాలి. ఇప్పుడు భోంగా లేదు, తిరుగుడు లేదు. కంచం మాత్రం అదే. పైగా పొద్దు పోక చాయ్‌తో చుడ్వా. ‘సోమవారం నుంచి తగ్గిస్త’ అంటే ఆ సోమవారం రాదు. ఈ రాత్రే ఒక్క రొట్టె తగ్గించండి. రెండోసారి వడ్డించుకునే ముందు జరసేపు ఆగండి. చుడ్వా డబ్బా చేతికందే జాగల పెట్టకండి. తిన్నంక గల్లీ చివరిదాకా నడిచి రండి. షుగర్ గోలీలు వేసుకునేటోళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే తిండి మార్చాలి.

రెండోది రక్త పరీక్ష. పరగడుపున షుగర్ 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 అంటే హెచ్చరిక. 126, ఆపైన రెండుసార్లు వస్తే షుగర్ వ్యాధి అంటరు. చెడ్డ కబురు వస్తదేమోనని చాలామంది పోరు. పరీక్ష ఆగితే రోగం ఆగదు గద! కాలికి పుండయి మంచం పట్టినంక ఇల్లు నడిచేది ఎవరి చేతుల మీద? పొద్దంతా బీడీలు చుట్టే మన ఆడోళ్ల చేతుల మీదనే.

మూడోది పెన్షన్. ఈపీఎస్ పెన్షన్ వచ్చేటోళ్లు ఏడాదికొకసారి జీవన్ ప్రమాణ్ పత్రం ఇవ్వాలి. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతది. నవంబర్ దాకా ఆగే పని లేదు, ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు. గడువు దాటితే పెన్షన్ ఆగుతది. తర్వాత ఇస్తే బకాయి వస్తది గాని, ఆ నడుమ మందులకు పైసలు ఎక్కడివి? కనీస పెన్షన్ 1000 రూపాయలే కావచ్చు. అది మన చెమట పైస. కిందటిసారి పత్రం ఇచ్చిన తారీఖు గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

అన్నీ ఒక్కరోజే చెయ్యమని చెప్పను, అట్ల మొదలుపెట్టినోళ్లు మూడో రోజుకే విడిచిపెడతరు. ఈ మూడింట్ల మీ ఇంట్లో తెగి ఉన్న పోగు ఏదో మీకే ఎరుక. ఈ పుస్తకం కింద పెట్టంగనే ఆ ఒక్క ముడి వెయ్యండి. మిగతావాటి సంగతి ఆ తర్వాత.