పన్ను పేరు లేని పన్ను

రైలుచార్జీల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల ప్రభుత్వమువారు ఒక్కటే సమాధానము చెప్పుచున్నారు. ప్రయాణికుని చేరవేయుటకు తమకు నూరు రూపాయలు వ్యయమగుచుండగా వానివద్ద పుచ్చుకొనునది సగమునకు కొంచె మెక్కువ మాత్రమే యందురు. సగటున 46 శాతము రాయితీ లభించుచున్నదనియు, ఆ మొత్తము సాలుకు 56,993 కోట్ల రూపాయలనియు 2024 డిసెంబరులో రైల్వేమంత్రి పార్లమెంటులో సెలవిచ్చియున్నారు. ఈ లెక్క అబద్ధమని మే మనము. కాని అందు చెప్పిన దానికంటె చెప్పక విడిచినదే జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రజలకు ముఖ్యము.

ఈ సీమకును రైలుకును గల సంబంధము మొదటినుండియు విచిత్రమైనది. 1889లో నైజాము రైలుమార్గము బెజవాడ చేరినప్పుడు అది ఈ తాలూకాల నడుమనుండి పోక, ఉత్తరమున నైజాము ఏలుబడిలోని మధిర మీదుగా పోయెను. తెల్లదొరల జిల్లాలోని రైతు పొరుగు ప్రభుత్వపు గడ్డపై రైలెక్కవలసి వచ్చెను. నేడు ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది, మధిర తెలంగాణములో నున్నది, దొరలు మారిరి గాని దారి మారలేదు. నందిగామవారు నేటికిని మధిరకో విజయవాడకో పోయి రైలెక్కవలసినదే. మోటమర్రినుండి జగ్గయ్యపేటకు ఇనుపదారి పడినమాట నిజమే. అది ప్రయాణికునికంటె సిమెంటు బస్తాకే దగ్గర చుట్టము.

ఇక టిక్కెట్టు విషయము చూతము. పన్ను అనదగిన పన్ను దానిమీద ఒక్కటే. 2012 అక్టోబరులో ఏ.సి., మొదటి తరగతులకు సేవాపన్ను వచ్చెను. 2017 జూలై 1 మొదలు దాని స్థానమున నూటికి 5 వంతున జి.ఎస్.టి. అమలులోనికి వచ్చెను. స్లీపరు, రెండవ తరగతులకు అది లేదు. ప్లాటుఫారము టిక్కెట్టు మీదిది కూడ 2024 జూలైలో తొలగించిరి. ఇందొక చిన్న వింత కలదు. చట్టము ప్రకారము సాధారణ ప్రయాణికుని విషయమున ఈ పన్ను రైలెక్కిన చోటికి చెందును. గావున నందిగామ వ్యాపారి మధిరలో ఏ.సి. పెట్టె యెక్కినచో రాష్ట్రభాగము హైదరాబాదు ఖజానాకును, విజయవాడలో యెక్కినచో ఆంధ్ర ఖజానాకును చేరును.

కాని సామాన్యుని నొప్పించునది ఈ పన్ను కాదు. పన్నని పేరు పెట్టని రుసుములు. స్లీపరునకు రిజర్వేషను 20 రూపాయలు, సూపరుఫాస్టు 30 రూపాయలు. ఇంటినుండి కంప్యూటరులో కొన్నచో, 2019 సెప్టెంబరు 1న మరల పెట్టిన సౌకర్యరుసుము టిక్కెట్టునకు 15 రూపాయలు, యు.పి.ఐ. ద్వారా చెల్లించినచో 10 రూపాయలు. దానిపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. ఏ.సి. మూడవ తరగతిలో రిజర్వేషను 40, సూపరుఫాస్టు 45. అచ్చట 5 శాతపు పన్ను మూలచార్జీమీదనే గాక ఈ రుసుములమీద కూడ పడుచున్నది. వేయి రూపాయల చార్జీకి 85 రూపాయల రుసుము కలిపి, మొత్తము 1,085 మీద పన్ను కట్టుదురన్నమాట.

ఈ రుసుములకు దూరముతో పనిలేదు. అన్యాయమంతయు అచ్చటనే యున్నది. స్లీపరులో ఒకని మూలచార్జీ 150 రూపాయలు, ఇంకొకనిది 600 రూపాయలు అనుకొందము. ఇద్దరును 50 రూపాయల రుసుమే యిత్తురు. మొదటివానికది చార్జీలో మూడవవంతు, రెండవవానికి పండ్రెండవవంతు. మధిరనుండి వరంగల్లు పోవువాడు 200 కిలోమీటర్లయినను ప్రయాణము చేయడు; అయినను స్లీపరులో 200 కిలోమీటర్ల కనీస చార్జీ యిచ్చుకొనవలెను. 2025 జూలైలో ఏ.సి. కాని మెయిలు, ఎక్స్‌ప్రెసు తరగతులకు కిలోమీటరునకు ఒక పైసాయు, ఏ.సి.కి రెండు పైసలును పెంచినప్పుడు పత్రికలలో గగ్గోలు పుట్టినది. నిజమునకు అది ధర్మమైన పద్ధతి, ఎంత దూరమునకంత. గగ్గోలు పుట్టవలసినది నిలకడ రుసుములమీద.

ఇంతకంటె ఘోరమైనది 2020 తరువాత జరిగెను. మహమ్మారి కాలమున నిలిపిన ప్యాసెంజరు బండ్లను తిరిగి నడపినప్పుడు వానికి ప్రత్యేక రైళ్లని, ఎక్స్‌ప్రెసులని పేరు మార్చిరి. అవే బండ్లు; అవే స్టేషనులు. కనీసపు టిక్కెట్టు మాత్రము 10 రూపాయలనుండి 30కి పోయెను. 2024 ఫిబ్రవరిలో గాని పాత చార్జీ తిరిగి రాలేదు. కూలికి, చదువునకు, ఆసుపత్రికి రెండు మూడు స్టేషనుల దూరము పోవువారు ఇన్నియేండ్లు మూడురెట్లిచ్చిరి. ఏ శాసనసభలోనైనను దీనికై ఒక బిల్లు వచ్చెనా? రాలేదు. రానక్కరయు లేదు.

శాసనానుమతి లేక పన్ను విధింపరాదని రాజ్యాంగపు 265వ అధికరణము శాసించుచున్నది. రైలుచార్జీని నిర్ణయించుటకు మాత్రము 1989 నాటి రైల్వేచట్టపు 30వ సెక్షను క్రింద కేంద్రప్రభుత్వపు ఉత్తరువు చాలును. 1957లో ప్రయాణికుల చార్జీపై పన్ను వేయదలచినప్పుడు ప్రభుత్వము పార్లమెంటులో చట్టము చేసి, రాబడిని రాష్ట్రములకు పంచినది. 1961లో ఆ పన్నును రద్దుచేసి చార్జీలోనే కలిపివేసిరి. పన్ను పేరు పోయెను. ప్రయాణికుని సంచి బరువు తగ్గలేదు. పరప్రభుత్వమునకును ఈ విద్య తెలియును. 1924 ఒప్పందము ప్రకారము రైల్వేలు మూలధనముపై నూటికొకటియు, మిగులు లాభములో అయిదవవంతును సాధారణ ఖజానాకు చెల్లించునట్లు ఏర్పాటైనది. మూడవతరగతివాడు నిలువుకాళ్లపై ప్రయాణము చేసి యిచ్చిన డబ్బు ఆ దారిని పోయినది.

రాయితీమాట కిపుడు వత్తము. ప్రయాణికులవలని నష్టమును రైల్వేలు సరకుల కేవులాభముతో పూడ్చుకొనుచున్నవి. ఇది కాగు నివేదికలలో పలుమారులు వచ్చిన విషయమే. జగ్గయ్యపేట పరిసరములలోని సిమెంటు, దానిని కాల్చు బొగ్గు మోయు కేవు ఆ లాభములోనిదే. ఆ కేవు సిమెంటు ధరలో చేరును. పాకలు కట్టుకొను రైతు దానిని చెల్లించును. రైలెక్కని మెట్టరైతు కూడ ఈ రాయితీలో తనవంతు ఇచ్చుచున్నాడు. తీరా అతడు హైదరాబాదు పోవలసినచో బస్సెక్కును. చిల్లకల్లు టోలుగేటువద్ద మరియొక రుసుము.

చార్జీలు అగ్గువగా నున్నవనియు, భద్రతకు, క్రొత్త పట్టాలకు ధనము కావలెననియు అందురు. ఒప్పుకొందుము. కావలసినచో కిలోమీటరు లెక్కన బాహాటముగా పెంచుడు; పార్లమెంటులో కారణము చెప్పుడు. రిజర్వేషను, సూపరుఫాస్టు రుసుములను 200 కిలోమీటర్లలోపు ప్రయాణమునకు సగము చేయుడు. బండి పేరు మార్చి చార్జీ పెంచు అధికారమును తీసివేయుడు. రైలు ఖర్చులో ప్రయాణికు డిచ్చున దింతయని టిక్కెట్టుమీద అచ్చువేసిన ప్రభుత్వము, మిగిలినదానిలో సరకుల కేవునుండి వచ్చున దెంతో కూడ అచ్చువేయవచ్చును. ఈ రెండు నియోజకవర్గములు విజయవాడ లోక్‌సభ స్థానములోనివి. తమ సభ్యుని ఈ ప్రశ్నలు అడుగ హక్కు ఇచ్చటి ఓటరులకు కలదు. మోటమర్రి దారిపై సిమెంటుతోపాటు మనుష్యులను కూడ క్రమముగా మోయు బండి యెప్పుడని అడుగుట అందులో మొదటిది.